పొరుగువారి భాష

పరభాషను నేర్చుకొనుట వలన కలుగు లాభము లేవి యని అడిగినచో, సాధారణముగా మనకు తోచు సమాధానము జీవనోపాధిని గూర్చినదై యుండును. ఇంగ్లీషు వచ్చిన బెంగళూరులో ఉద్యోగము దొరకును. జర్మను భాష వచ్చిన ఆ దేశమున పై చదువులకు దారి యేర్పడును. ఈ సమాధానము అసత్యము కాదు. కాని పావగడ సీమలోని తెలుగు కుటుంబములకు ప్రశ్న ఇంతటితో తీరదు. మనకు రెండవ భాష సముద్రముల కావల లేదు. మన వీధి చివరనే యున్నది.

తుమకూరు జిల్లాలోని ఈ తాలూకాకు మూడు వైపుల ఆంధ్రప్రదేశ్ ఎల్లలు. ఇండ్లలోను సంతలోను తెలుగు వినబడును. బడిలోను కచేరీలోను కన్నడము నడచును. 1956లో భాషలను బట్టి రాష్ట్రములను ఏర్పరచినప్పుడు, పాత మైసూరు సంస్థానములోని పావగడ మైసూరు రాష్ట్రముననే నిలిచినది. పొరుగున నున్న మడకశిర, అనంతపురము జిల్లాతో పాటు 1953లోనే ఆంధ్ర రాష్ట్రమున చేరియున్నది. అక్కడ కన్నడము మాటలాడు కుటుంబములు అనేకము కలవు. మనము ఇక్కడ కన్నడమును నేర్చుకొనునట్లే వారు అక్కడ తెలుగును నేర్చుకొనుచున్నారు. ఎల్ల ఎక్కడ గీచినను, ఇరువైపుల పొరుగు భాషవారు మిగులక తప్పదు.

కావున మన ముందున్నది ధర్మసందేహము. తల్లిభాష ఇంట నుండగా పొరుగు భాషను మనసిచ్చి నేర్చుకొనుట ద్రోహమా, ధర్మమా? పెద్దలలో కొందరు, పిల్లలు తెలుగును మరచిపోదురని భయపడుదురు. మరికొందరు, తెలుగు కూడు పెట్టునా యని దానిని పక్కకు నెట్టుదురు. ఒకరు భాషను పెట్టెలో దాచవలసిన సొమ్ము అనుకొనుచున్నారు. మరియొకరు చెల్లని కాసు అనుకొనుచున్నారు. ఈ రెండును సరియైన చూపులు కావని మా అభిప్రాయము.

మొదట వ్యవహారమునే చూతము. మన తాలూకాలోని తిరుమణి, వళ్ళూరు మొదలగు అయిదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములలో సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. అది 2018లో ప్రారంభమైనది. 2019 నాటికి దాని శక్తి 2,050 మెగావాట్లకు చేరినది. అందుకై రైతులు భూమిని అమ్మలేదు. ఎకరమునకు మొదట ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలుకిచ్చిరి. వానలు నమ్మరాని సీమలో అది చిన్న విషయము కాదు. అట్టి పత్రమేదైనను మన చేతికి వచ్చినప్పుడు, గడువును, షరతులను స్వయముగా చదివి ప్రశ్నింపగలవాడు వేరు. ఒకరు చదివి చెప్పగా తలయూపి వేలిముద్ర వేయువాడు వేరు. కచేరీ భాష తెలియుట కేవలము లాభము కాదు; ఒకరి దయపై ఆధారపడక నిలుచు స్వాతంత్ర్యము.

అయినను ఇది మొదటి మెట్టు మాత్రమే. రెండవ లాభము మరింత లోతైనది. పరభాష మన భాషను మనకు చూపును. మనము పాలు అన్నచో వారు హాలు అందురు. పులి అన్నచో హులి అందురు. పిల్లలు దీనిని విని నవ్వుదురు. కాని ప్రాచీన కన్నడమున ఈ మాటలు పకారముతోనే యుండెనని తెలిసినప్పుడు, నవ్వు పోయి చుట్టరికము కనబడును. ‘ఊట ఆయితా?’ అని పొరుగింటి తల్లి అడుగగా, నీటి ఊటను తలచుకొని తెల్లబోయిన తెలుగు బాలుడు, ఆమె అన్నము తింటివా యని అడిగినదని తెలిసికొన్న నాడు ఒక మాటనే గాక ఒక వాత్సల్యమును కూడ నేర్చుకొనును.

అన్నిటికంటె విలువైన పాఠము ‘మేము’, ‘మనము’ అను రెండు చిన్న మాటలలో ఉన్నది. వినువానిని విడిచి చెప్పునది మేము. వానిని కలుపుకొని చెప్పునది మనము. పుట్టినప్పటి నుండి వాడుచున్నందున ఈ భేదము మన దృష్టికి రాదు. నేటి కన్నడమున రెండింటికిని ‘నావు’ అను ఒక్క మాటయే కలదు. అందులో మనము చేరితిమా లేదా యన్నది మాటను బట్టి గాక, సందర్భమును బట్టి, పలుకువాని మనసును బట్టి తెలిసికొనవలెను. మన భాష ఇచ్చిన సంపదను పొరుగు భాషయే మనకు గుర్తు చేసినది.

ఈ మార్గమున నడచినవారు మనకు కొత్త కాదు. అనంతపురము జిల్లా రాళ్ళపల్లిలో 1893లో జన్మించిన అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుండి 1949 వరకు తెలుగు బోధించిరి. వారు కన్నడమున కూడ సంగీత సాహిత్యములను గూర్చి వ్యాసములు వ్రాసిరి. అందువలన వారి తెలుగు తరుగలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసునకు వచ్చి, ఉద్యోగధర్మముగా తెలుగును చేపట్టెను. వేమన పద్యములను సేకరించి 1829లో అచ్చు వేయించెను. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. అవసరము కొఱకు మొదలైన చదువు ప్రేమగా మారినచో ఫలము ఎట్లుండునో దీనివలన తెలియును.

ఇక పెద్దల భయమునకు సమాధానము చెప్పవలెను. అది ఉత్త భయము కాదు. అవ్వ స్వహస్తముతో వ్రాసికొన్న పాటల పుస్తకమును చేతబట్టుకొని, తెలుగు చక్కగా మాటలాడు మనుమడు ఒక్క పంక్తియైన చదువలేక నిలుచుట మన ఇండ్లలో కొత్త దృశ్యము కాదు. వానికి తన భాష లిపియే పరలిపి అయినది. కాని ఈ దోషము కన్నడముది కాదు, మన అలసత్వముది. ఒకే లిపి నుండి పుట్టిన ఈ రెండు లిపుల భేదము 19వ శతాబ్దమున అచ్చు అక్షరములు వచ్చిన పిదప స్థిరపడినది. కన్నడము చదువగల బిడ్డకు తెలుగు లిపి పట్టుబడుటకు సాయంకాలము అరగంట చొప్పున కొన్ని వారములు చాలును. ఆ అరగంటను మనము ఇచ్చితిమా?

కావున పొరుగు భాషను నేర్చుకొనుట ద్రోహము కాదు. నేర్చుకొనుచు తన భాషను విడుచుటయే ద్రోహము. మన పాటలను, మన పండుగలను చెప్పునప్పుడు ‘మేము తెలుగువారము’ అందము. అందులో తప్పు లేదు. కాని ఊరి చెరువును, కరవును, బడిని గూర్చి పలుకునప్పుడు పొరుగువానిని కలుపుకొని ‘మనము’ అనవలెను. ఆ మాటను అతని భాషలోనే చెప్పగలిగిననాడు మన చదువు సార్థకమగును.