తుపాకీకి బదులా? మాటకు బదులా?

పోలీసులకు తుపాకీకి బదులు కరెంటు ఆయుధం ఇస్తే కనీసం ప్రాణమైనా దక్కుతుంది గదా అని చదువుకున్న యువకులు అడుగుతుంటారు. ప్రశ్న న్యాయమైనదే. కత్తితో మీదపడుతున్న హంతకుణ్ణి గుండుతో చంపకుండా ఆపగలిగితే అది మేలే. ఆ పోలీసుకూ భార్యాబిడ్డలు ఉంటారు.

టేజర్ అనే ఈ సాధనం పిస్తోలు వలె ఉంటుంది. మీట నొక్కగానే సన్నని తీగలు గల రెండు ముళ్ళు ఎగిరి ఒంటికి గుచ్చుకుంటాయి. సాధారణంగా ఐదు సెకన్లపాటు కరెంటు పారుతుంది. కండరాలు బిగుసుకొనిపోయి మనిషి మొద్దులా కూలుతాడు. పడేటప్పుడు చేతులు అడ్డుపెట్టుకొనే శక్తి కూడా ఉండదు.

ఆత్మరక్షణకు బలం వాడవచ్చునని, అవసరాన్ని మించి వాడితే అది అధర్మమని పునీత తోమాస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే బోధించారు. శ్రీసభ సత్యోపదేశమూ అదే. గమనించండి, అక్వినాస్ ఇచ్చిన కొలత అవసరం. దీనికన్నా ఘోరమైన ఆయుధం మరొకటి ఉన్నదా అని ఆయన అడగలేదు. మనం మాత్రం టేజరును ఎప్పుడూ తుపాకీ పక్కన పెట్టి తూస్తున్నాం.

ఆస్ట్రేలియాలోని కూమా పట్టణంలో 2023 మే 17న ఒక వృద్ధాశ్రమంలో ఏమి జరిగిందో చూడండి. 95 ఏళ్ళ అవ్వ, మతిమరుపు వ్యాధి, వాకర్ పట్టుకొని నడుస్తున్నది, చేతిలో భోజనాల కత్తి. కొన్ని నిమిషాలు మాట్లాడి చూసిన పోలీసు ఓపిక నశించి టేజర్ పేల్చాడు. ఆమె పడి తలకు దెబ్బ తగిలి వారానికి మరణించింది. 2024లో జ్యూరీ అతణ్ణి దోషిగా తేల్చింది. ఆ అవ్వ మీద తుపాకీ పేల్చాలని ఏ పోలీసుకైనా తోచేదా? అక్కడ టేజర్ వచ్చింది తుపాకీ స్థానంలో కాదు, ఇంకొక పావుగంట ఓర్పు స్థానంలో.

కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో 2007 అక్టోబరు 14న మరణించిన పోలెండు దేశస్థుడు తల్లి దగ్గర ఉండటానికి వచ్చినవాడు. ఇంగ్లీషు రాదు. సుమారు పది గంటలు లోపలే తిరిగాడు. తల్లి అదే విమానాశ్రయంలో గంటల తరబడి ఎదురుచూసి వెళ్ళిపోయింది. నలుగురు పోలీసులు వచ్చిన అర నిమిషంలోపే మొదటి షాకు తగిలింది. మొత్తం ఐదుసార్లు పేల్చారు. అది సమర్థనీయం కాదని 2010లో విచారణ సంఘం తేల్చింది. అక్కడ కావలసింది పోలిష్ తెలిసిన ఒక్క మనిషి.

గుండు దెబ్బకు లెక్క చెప్పాలి. ఈ షాకు వదిలే గుర్తు రెండు చిన్న గాట్లు మాత్రమే. అందుకే మళ్ళీ నొక్కడం సులభం. ఈ ఆయుధం కలిగించే తీవ్రమైన నొప్పి ఒక విధమైన చిత్రహింసేనని 2007లో ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక కమిటీ పోర్చుగల్ విషయంలో అన్నది. పోలీసుకు కలిగే నష్టం మరొకటి. ఓర్పు అభ్యాసంతో వచ్చే సుగుణం. మీట చేతిలో ఉన్నవాడు దానిని అభ్యసించడు.

రేపు మన రాష్ట్రాలలో ఎవరైనా వీటిని కొంటామంటే, ప్రతి పేలుడుకు ముందు ఏమేమి ప్రయత్నించారో ఎవరు వ్రాస్తారు, ఎవరు చదువుతారు అని మనం అడగాలి.