ఆ క్షణంలో కర్త ఎవరు?

2021 జనవరి 11, సిడ్నీ టెస్టు చివరి రోజు. భారత జట్టు ముందున్న లక్ష్యం 407 పరుగులు. ఓటమి తప్పించుకుంటే చాలన్న స్థితి. క్రీజులో ఉన్న హనుమ విహారికి తొడ కండరం పట్టేసింది, పరుగు తీయలేడు. అవతలి కొసన అశ్విన్‌ది నడుం నొప్పి. ఎవరు ఏ బౌలర్‌ను ఎదుర్కోవాలో డ్రెస్సింగ్ రూమ్ నుంచి కోచ్ రవిశాస్త్రి శార్దూల్ ఠాకూర్ ద్వారా కబురు పంపాడు. ఠాకూర్ మైదానంలోకి పరుగెత్తుకొచ్చి, లోపల ఏవేవో చెప్పి పంపారనీ, అవేవీ తాను చెప్పననీ, ఇప్పుడెలా ఆడుతున్నారో అలాగే ఆడమనీ అన్నాడు. ఈ సంగతి తర్వాత అశ్వినే బయటపెట్టాడు. కాకినాడలో పుట్టిన విహారి 161 బంతులాడి 23 పరుగులతో, అశ్విన్ 128 బంతుల్లో 39తో నిలిచిపోయారు. మ్యాచ్ డ్రా అయింది.

ఆ నిలకడకు కర్త ఎవరు? నొప్పి ఓర్చుకున్న ఇద్దరా, కబురు మింగేసిన మూడోవాడా, వాళ్ళను అంతవరకూ తీర్చిదిద్ది ఆ రోజు మాత్రం మాట చెల్లించుకోలేకపోయిన కోచా?

కర్త ఎవరన్న విచారానికి తెలుగు నేల మీద మంత్రాలయాన్ని మించిన చోటు లేదు. తుంగభద్ర ఒడ్డున ఒకప్పటి మంచాల గ్రామం అది. 1671లో రాఘవేంద్ర స్వామి అక్కడ బృందావన ప్రవేశం చేశారు. లక్షలమంది ఆయన్ను కోరికలు తీర్చే గురువుగానే కొలుస్తారు. కానీ ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచింది శాస్త్రంతోనే. జయతీర్థుల న్యాయసుధకు పరిమళమనే వ్యాఖ్య రాసి పరిమళాచార్యులయ్యారు. బ్రహ్మసూత్రాలకు తంత్రదీపిక అనే వృత్తి రాశారు. ఆ గ్రంథాలు నిలబడిన మధ్వ సిద్ధాంతంలో మొదటి మెట్టే ఇది: ఉన్నవి రెండే తత్త్వాలు, స్వతంత్రం, అస్వతంత్రం. స్వతంత్రుడు హరి ఒక్కడే. మిగిలిన వాళ్ళందరం ఆయన అధీనంలో ఉన్నవాళ్ళమే. అట్లాంటప్పుడు మనిషి ఒక్క క్షణంలో తీసుకున్న నిర్ణయాన్ని అతనిది అనడం ఎట్లా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ ప్రశ్న ప్రతి ఎత్తుకూ లేస్తుంది. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆ ఆట ఇరుగుపొరుగు వ్యవహారమే. కౌబాయ్స్ జట్టు కేంద్ర కార్యాలయం ఆ ఊళ్ళోనే ఉంది. ఎత్తుకూ ఎత్తుకూ నడుమ నలభై సెకన్ల గడియారం తిరుగుతుంది. ఆటగాళ్ళు గుండ్రంగా చేరి, చేయబోయేది మాట్లాడుకుని విడిపోతారు. దాన్ని హడల్ అంటారు. జట్టు నడిపే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో 1994 నుంచి రేడియో ఉంది. గడియారంలో పదిహేను సెకన్లు మిగిలేసరికి అందులో వినిపించే కోచ్ గొంతు ఆగిపోతుంది. ఆ తర్వాత చెప్పేవాళ్ళుండరు, ఎదుటి వరుసలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసుకునే రెండు కళ్ళు తప్ప. హడల్ కూడా మానేసి, అవతలివాళ్ళు ఊపిరి తీసుకునేలోపే మళ్ళీ బంతి కదిలిస్తే అది హర్రీ-అప్. ఎదురుపక్షం అలసిన ఆటగాణ్ణి మార్చుకోలేదు, వ్యూహమూ మార్చుకోలేదు. మరి అక్కడికక్కడే ఎత్తు ఎంచుకునే ఆ హక్కు క్వార్టర్‌బ్యాక్‌కు ఉండాలా?

వద్దన్నవాళ్ళలో మొదట చెప్పుకోవాల్సినవాడు పాల్ బ్రౌన్. క్లీవ్‌లాండ్ జట్టు కోచ్‌గా ప్రతి ఎత్తునూ తానే నిర్ణయించి, ఇద్దరు ఆటగాళ్ళను మార్చి మార్చి లోపలికి పంపుతూ వాళ్ళ నోట కబురు అందించేవాడు. 1956లో హెల్మెట్‌లో రేడియో పెట్టి చూశాడు కూడా. లీగ్ వెంటనే నిషేధించింది. అదే బ్రౌన్ ఆ తర్వాత స్థాపించిన సిన్సినాటి బెంగాల్స్ 1988లో శామ్ వైష్ అనే కోచ్ కింద హడల్‌నే మానేసి ఆడింది. ఆ వేగం తట్టుకోలేని ప్రత్యర్థులు దెబ్బ తగిలినట్టు నటిస్తూ కింద పడేవాళ్ళన్న ఆరోపణలు వచ్చాయి. అది అన్యాయమని అభ్యంతరపెట్టినవాళ్ళలో బఫెలో బిల్స్ కోచ్ మార్వ్ లెవీ ఒకడు. రెండేళ్ళు తిరక్కుండా తానే ఆ దారి పట్టాడు. పైగా ఇంకో అడుగు ముందుకు వేసి, ఎత్తులు ఎంచుకునే పని జిమ్ కెల్లీ అనే క్వార్టర్‌బ్యాక్‌కే వదిలేశాడు.

ఇక్కడ రెండు సంగతులు వేరు చేసి చూడాలి. వేగం ఒకటి, స్వాతంత్ర్యం ఒకటి. వైష్ జట్టు వేగంగా ఆడినా ఎత్తులు ఎక్కువగా కోచ్ దగ్గరి నుంచే వచ్చేవి. కెల్లీకి వేగంతోపాటు నిర్ణయమూ దక్కింది. అసలు వివాదం ఈ రెండోదాని మీదే. తొందర తప్పా ఒప్పా అన్నది ఆట నియమాలు తేల్చే విషయం. నిర్ణయం ఎవరిదన్నది మాత్రం వేదాంతులు శతాబ్దాలుగా వాదించుకున్నది.

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మూడో పాదంలో వడ్రంగి ప్రస్తావన వస్తుంది. జీవుడి కర్తృత్వానికి సూత్రకారుడు ఇచ్చిన దృష్టాంతం అది. శంకరులు దాన్నొక రకంగా చదివారు: ఉలీ బాడిసా చేతబట్టినప్పుడే వడ్రంగి కర్త, అవి పక్కన పెట్టి ఇంటికెళ్ళాక ఊరికే ఉండే మనిషి. కాబట్టి కర్తృత్వం ఉపాధివల్ల వచ్చిందే గానీ ఆత్మ స్వభావం కాదు. మధ్వులు అదే వడ్రంగిలో ఇంకోటి చూశారు. అతని వెనక పని చేయించేవాడు ఒకడున్నాడు. ఏం చేయాలో అతను చెప్పాడు. అయినా కొయ్య చెక్కే చెయ్యి వడ్రంగిదే. చేయించేవాడికి లోబడి ఉండటమూ నిజమే, తానే కర్త కావడమూ నిజమే. జీవుడూ అంతే.

సిడ్నీకీ బఫెలోకీ ఈ చదువే సరిపోతుంది. కెల్లీ నోటినుంచి వచ్చిన ప్రతి ఎత్తూ అంతకు ముందు వారమంతా కోచ్‌లతో కూర్చుని నేర్చుకున్నదే. అతను కొత్తగా సృష్టించిందేమీ లేదు. అయినా ఆ కొద్ది సెకన్లలో, ఎదుటి వరుసను చూసి, ఫలానాదే అని అరిచినవాడు అతనే. కోచ్ ఇచ్చిన స్వాతంత్ర్యం గనుక అది స్వాతంత్ర్యమే కాదనడం ఎంత తప్పో, కోచ్ లేకుండానే పుట్టిందనడమూ అంతే తప్పు.

దీనికి ఎదురు ప్రశ్న వెంటనే వస్తుంది. చేయించేవాడు వేరే ఉంటే తప్పొప్పులు మనిషికెందుకు అంటాలి? అదే పాదం దీనికీ జవాబు చెబుతుంది. ఈశ్వరుడి ప్రేరణ జీవుడు చేసిన ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకునే ఉంటుంది. లేకపోతే ఇది చెయ్యి, అది చెయ్యకు అని శాస్త్రం చెప్పడమే వ్యర్థమవుతుంది. ప్రయత్నం అనే ఆ మాటలోనే క్వార్టర్‌బ్యాక్ హక్కుకు హద్దు కూడా ఉంది. కసరత్తు చేయనివాడికి అప్పటికప్పుడు తోచేది ఆవేశం. దానికి మైదానం అప్పగించాల్సిన పనిలేదు.

మంత్రాలయంలో చదువుకునే మాధ్వ విద్యార్థులకు ఇది కొత్త కాదు. శాస్త్ర చర్చ జరిగే వాక్యార్థ సభలో పూర్వపక్షం లేచిన మరుక్షణం సమాధానం చెప్పాలి. పుస్తకం తిరగేసే వ్యవధి ఉండదు. కానీ ఆ మరుక్షణం వెనక సుధ, పరిమళం పాఠం చెప్పించుకున్న ఏళ్ళు ఉంటాయి.

అయితే ఈ క్షేత్రంలోనే చెప్పుకునే వెంకన్న కథ అడ్డం వచ్చినట్టు కనిపిస్తుంది. చదువురాని పశువుల కాపరి వెంకన్నను ఆదోని నవాబు ఒక ఉత్తరం చదవమని గద్దించాడట. అతను గురువును తలుచుకోగానే అక్షరాలు తెలిసి, గడగడా చదివేశాడట. ఆ తర్వాత ఆదోని దివానయ్యాడని భక్తుల నమ్మకం. ప్రయత్నం లేకుండానే ఫలం వచ్చిందా? కథను మొదటినుంచీ వింటే అట్లా లేదు. ఆపద వచ్చినప్పుడు నన్ను తలుచుకో అని గురువు ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఆ మాటను మోసుకు తిరిగి, ప్రాణం మీదికి వచ్చిన వేళ భయంతో నోరు పడిపోకుండా తలుచుకోవడం వెంకన్న చేసిన పని. అక్షరం అనుగ్రహం, తలపు అతనిది.

డల్లాస్ వాళ్ళకూ ఇట్లాంటి కథ ఒకటుంది. 1975 డిసెంబరు 28న మిన్నెసోటా చేతిలో కౌబాయ్స్ ఓడిపోతున్నారు. కోచ్ టామ్ లాండ్రీ ఎత్తులన్నీ తానే పంపే మనిషి, గొప్ప దైవభక్తుడు. ఆట ముగియడానికి అర నిమిషం ఉందనగా క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టౌబాక్, డ్రూ పియర్సన్ ఇద్దరూ తమలో తాము మాట్లాడుకుని ఎత్తు కుదుర్చుకున్నారు. స్టౌబాక్ దూరంగా విసిరిన బంతిని పియర్సన్ ఒడిసిపట్టాడు. జట్టు 17-14తో గెలిచింది. కళ్ళు మూసుకుని మేరీమాత ప్రార్థన చెప్పుకున్నానని కాథలిక్ అయిన స్టౌబాక్ తర్వాత విలేకరులతో అన్నాడు. అట్లాంటి ఆఖరి విసురుకు హెయిల్ మేరీ అన్న పేరు జనం నోళ్ళలో స్థిరపడింది అప్పటినుంచే. ప్రార్థించినవాడు విసరడం మానలేదు. విసిరినవాడు గెలుపంతా తనదే అనలేదు.

గెలిచిన కథలతో ఏ వాదమైనా నెగ్గవచ్చు. ఓడినప్పుడు ఏమవుతుందన్నదే గట్టి పరీక్ష. 1991 జనవరి 27న లీగ్ తుది పోరైన సూపర్ బౌల్‌లో కెల్లీ వేగం ముందు న్యూయార్క్ జెయింట్స్ ఒకే పని చేశారు: బంతిని వదల్లేదు. అరవై నిమిషాల ఆటలో నలభై నిమిషాలకు పైగా వాళ్ళ దగ్గరే ఉంది. హర్రీ-అప్‌లో ఉన్న లోపం అదే. ఎత్తు పారకపోతే అర నిమిషంలో బంతి చేజారి, సొంత రక్షకులే మళ్ళీ రొప్పుతూ మైదానంలోకి రావాలి. బఫెలో 20-19తో ఓడింది, ఒకే ఒక్క పాయింటు. ఏ కోచ్ అయినా ఆ రాత్రి హక్కు వెనక్కి లాక్కుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. లెవీ లాక్కోలేదు. తాను ఇచ్చిన స్వాతంత్ర్యంతో వచ్చిన ఓటమిలో తన పాలు తాను తీసుకున్నాడు. చేయించేవాడు నిజంగా చేయించేవాడనిపించుకునేది అక్కడే. మరుసటి ఏడాదీ అదే కెల్లీ, అదే పద్ధతి. బఫెలో మళ్ళీ సూపర్ బౌల్‌కు వెళ్ళింది, మళ్ళీ ఓడింది, ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు కూడా వెళ్ళింది.