యాకోబు నడక

ధ్యానభాగములు: ఆదికాండము 33:12–17, లూకా 2:41–46



గత నవంబరు నెలలో ఒక శనివారమున మన రెడ్డిగూడెము సంఘపు యౌవనస్థులను, ఆదివారపు బడిలోని పెద్దపిల్లలను వెంటబెట్టుకొని మేము మూలపాడు అడవికి వెళ్లితిమి. మామిడికి ఇంకను పూత రాలేదు. తోటలలో కూలిపని తక్కువగా నున్న కాలము. మైలవరము, కొండపల్లి, ఇబ్రహీంపట్నము దాటి హైదరాబాదు రహదారిమీద కొంతదూరము పోయినయెడల కుడిచేతివైపున ఆ కొండలు కనబడును. సీతాకోకచిలుకలను చూచుటకును, కొండబాటను నడుచుటకును విజయవాడవారు సెలవు దినములలో అచ్చటికి వచ్చుచుందురు. కొండపల్లి బొమ్మలు చెక్కు తెల్లపొణికి కఱ్ఱ ఈ కొండల అడవిలోనిదే. ఆ బొమ్మలకు 2007లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మన పిల్లలలో బొమ్మను చూడనివారు లేరు, చెట్టును చూచినవారును లేరు!

మేము పట్టినది చుట్టుబాట. రాళ్లమీదుగా ఎక్కి, ఎండిన వాగును దాటి, పరికికంపల నడుమ దిగి, బయలుదేరిన చోటికే తిరిగి చేర్చును. కాబట్టి అందరికంటె ముందు చేరినవానికి అక్కడ దొరకునది ఏమియు లేదు. ఉదయము చూచిన చెట్టే, ఉదయము దిగిన బండియే. అయినను మేము ముందు నడిచితిమి. వేదపాఠశాలలో చదువుకొను దినములలో కొండలెక్కుటలో మమ్మును మించినవారు లేరని పేరుండెను. నలువదియైదేండ్లు దాటినను ఆ పేరును నిలువబెట్టుకొనవలెనని ఆశ. ఒకచోట నీళ్లు త్రాగుటకు ఆగినప్పుడు వెనుకబడినవారిని, “ఇట్లయితే చీకటి పడుతుంది, కాళ్లు కదపండి” అని కసిరితిమి కూడ. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనుడి.

క్రిందికి దిగిన తరువాత ఆడపిల్లలు పులిహోర పొట్లములు పంచిరి. పంచి, “అయ్యగారూ, ఒకటి మిగిలిందండి” అనిరి. “లెక్క తప్పి ఒకటి ఎక్కువ కట్టియుందురు, ఆకలిగా ఉన్నవానికి ఇవ్వండి” అంటిమి. అప్పుడు మన సంఘపెద్దలలో ఒకరు, మోకాలి నొప్పితో అందరికంటె చివర దిగివచ్చినవారు, తన పొట్లమును విప్పకయే ప్రక్కన పెట్టి, “పొట్లాలు ఇరవైమూడే అయ్యగారూ. నేనే దగ్గరుండి కట్టించాను. పొట్లం ఎక్కువ కాలేదు, పిల్లవాడు తగ్గాడు” అనెను.

పండ్రెండేండ్ల బాలుడు లేడు. మామిడితోటలో కూలికి పోవు ఒక తల్లి కుమారుడు. వాడు ఫలానా స్నేహితునితో ఉన్నాడని కొందరు, మేస్త్రిగారి పిల్లలతో ఉన్నాడని కొందరు అనుకొనిరి. మేమైతే ఏమియు అనుకొనలేదు.

ఏ వైపునుండి వెదకవలెను? చుట్టుబాటకు రెండు కొనలున్నవి గదా. ఆ పెద్దగారి సలహా ప్రకారము కొందరు ఉదయము ఎక్కిన దారిని పోయిరి. మేము దిగివచ్చిన దారినే మరల ఎక్కితిమి. వాగుకు ఈవల ఒక బండమీద వాడు కూర్చుండియుండెను. కాళ్లకున్నవి వాని అన్న చెప్పులు. వదులై, రాళ్లలో ఒకదాని వారు తెగినది. అరికాలిలో ముల్లు. ఏడ్చుటలేదు. “ఎందుకురా పిలవలేదు?” అని అడిగితిమి. “పిలిస్తే కోప్పడతారేమోనని అండి” అనెను.

ప్రియులారా, పస్కాపండుగ ముగించుకొని తిరిగి వచ్చుచు, కుమారుడు గుంపులోనే ఉన్నాడని తలంచి, యోసేపు మరియలు ఒక దినప్రయాణము సాగిపోయిరి. ఆయనకును పండ్రెండేండ్లే. ఈ భాగమును మేము ఎన్నిసార్లు బోధించితిమో లెక్కలేదు. ప్రతిసారియు తప్పిపోయిన బాలునిగూర్చియే చెప్పితిమి, ఆ తలంపునుగూర్చి చెప్పలేదు. ప్రేమలేనివారు కారు వారు. ఉన్నాడులే అనుకొనిరి, అంతే.

ఆ రాత్రి ఆదికాండము తీసి చూచితిమి. ఏశావు నాలుగువందల మందితో వచ్చి, కలిసి పోదము రమ్మని పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు చిన్నవారు, పాలిచ్చు పశువులున్నవి, ఒక్కదినము వడిగా తోలినయెడల మంద చచ్చును, నీవు ముందు వెళ్లుము, నేను పిల్లల నడకను బట్టి మెల్లగా వచ్చెదనని చెప్పెను. యాకోబు తాను చెప్పినట్లు శేయీరునకు పోలేదు, సుక్కోతునకు పోయెను. దానిని మేము సమర్థింపము. అతని బుద్ధి పూర్తిగా మారలేదు. అయినను పిల్లలనుగూర్చి అతడు చెప్పినది సత్యమే. అది అతనికి ఎట్లు తెలిసెను? ముందటి అధ్యాయము చూడుడి. ఆ తెల్లవారుజామునే అతని తొడగూడు వసిలెను. సూర్యోదయమప్పుడు కుంటుచు నడిచెను. కుంటుచున్న ఆ మనుష్యుడు ఆ దినముననే పిల్లల నడకను లెక్కించెను. మా గుంపులో లెక్క చూచినది ఎవరు? మోకాలు పట్టుకొని దిగిన ఆ పెద్దగారే.

ఇంకొక సంగతి చెప్పవలసియున్నది, అది మాకు కష్టమైనది. మూడేండ్ల క్రిందట గాలివానకు కాయ రాలిపోయిన సంవత్సరము మన సంఘములో ఒక కుటుంబము కోతపండుగకు కానుక తేలేకపోయెను. పేళ్లును రూకలును బిగ్గరగా చదువుట మన వాడుక. వారి పేరు దగ్గర మేము ఆగి, ఏమియు లేదని చదివితిమి. తరువాత వారు కొన్నాళ్లు వెనుక వరుసలో కూర్చుండిరి, ఆ తరువాత రాలేదు. వేరొక ఊరికి పనికి పోయిరేమో అనుకొంటిమి. వారి యిల్లు గుడికి నాలుగు వీధుల దూరములో ఉన్నది. బండమీద ఆ బాలుడు చెప్పిన జవాబు విన్నప్పుడు మాకు మొదట జ్ఞాపకము వచ్చినది వారే.

మొన్న మంగళవారము సాయంకాలము వారి యింటికి వెళ్లితిమి. ఇంటాయన కుర్చీ వేసెను గాని చాలసేపు మాటలాడలేదు. ఆయన భార్య టీ ఇచ్చి, “దారి గుర్తుందా అయ్యగారూ?” అని అడిగెను. మేము క్షమించుమని అడిగితిమి. వత్తుమని వారు మాట ఇయ్యలేదు, మేమును అడుగలేదు. వచ్చే మంగళవారము మరల వెళ్లుదుము.

పెద్దల కమిటీ ఒప్పుదలతో తెలియజేయునది: ఇకమీదట కోతపండుగ కానుకల పేళ్లు గుడిలో చదువబడవు. పుస్తకములో వ్రాయబడును, అడిగినవారికి చూపబడును.

పిల్లలు మరల మూలపాడు పోదమనుచున్నారు. మోకాలి నొప్పి పెద్దగారిని ముందు నడువుమని అడిగితిమి. దారిలో రెండుచోట్ల కూర్చుండనియ్యవలెనను షరతుమీద ఆయన ఒప్పుకొనెను. చివరను మేముందుము.