మోరీ ఎటు పోతదో చూసుకో

అల్లుడా,

బాయిల్డ్ రైస్ మిల్లు పెడుతున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. సంతోషం. వడ్ల వ్యాపారం చేసే ఇంట్ల పుట్టినవు, లెక్కలు నీకు నేర్పే పని లేదు. డ్రయ్యరు ఎన్ని టన్నులది కావాలె, ఊక ఎవరికి పోస్తే గిట్టుబాటయితది, సర్కారు బియ్యం ఎప్పటిలోగా పెట్టాలె, ఇవన్నీ నాకంటే నీకే బాగ తెలుసు. నేను చెప్పేది మిల్లు వెనక గోడ సంగతి. ముందు గేటుకు, ధర్మకాంటకు నక్షా గీయించినవట. వెనక మోరీ ఎటు పోతదో గీయించినవా?

టన్ను వడ్లు నానబెట్టాలంటే వెయ్యి లీటర్ల పైనే నీళ్లు పడుతయి. వేడినీళ్లల్ల గంటల కొద్దీ నానినంక ఆ నీళ్లు పసుపు రంగు తిరుగుతయి. రెండు రోజులు నిలిచినయంటే ముక్కు మూసుకోవాలె. గింజల సత్తువ దిగిన నీళ్లు గనుక "గంజి నీళ్లే గదా, ఏమయితది" అని వాగుల వదిలేటోళ్లను చాలమందిని చూసిన. అయ్యేది అయితది. ఆ గంజిని తినే క్రిములు నీళ్లల్ల ఉన్న ప్రాణవాయువును గుంజుకుంటయి, చేపకు మిగలది. గాలిల ఎగిరే ఊక బూడిద సంగతి వేరే. దాని మీద పక్క పొలపోళ్లు నీతోని కొట్లాటకు ఎట్లాగూ వస్తరు. చేపలు రావు గదా, అందుకే వాటి మాట నేను చెప్తున్న.

మనం నది నడుమ ఉన్నం, అది మరువకు. మంజీర మహారాష్ట్రల బీడ్ జిల్లా బాలాఘాట్ కొండలల్ల పుడుతది. లాతూరు, బీదరు సీమలు తిరిగి, సంగారెడ్డి, మెదక్ దాటి మన దిక్కు వస్తది. ఇక్కడి నుంచి పోయి కందకుర్తి కాడ గోదావరిల కలుస్తది. మన ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పొలాలకు నీళ్లిచ్చే పోచారం కట్ట ఆలేరు వాగు మీదిది, 1922ల పూర్తయింది. దాని కింద పదివేల ఐదొందల ఎకరాల ఆయకట్టు. పోచారం మత్తడి దుంకిన నీళ్లు మంజీరలకే పోతయి. మన వాగుల నీళ్లన్నీ చేరేది నిజాంసాగర్‌కే. ఆ కట్ట మనకు దిగువన ఉన్నది. నువ్వు వదిలింది బాన్సువాడ రైతు మడిల పారుతది, బోధన్ దాకా పోతది.

మనకు ఎగువన ఉన్నోళ్లు ఏం వదిలిన్రో కూడ తెలుసుకో. పటాన్‌చెరు కార్ఖానల నీళ్లు ఇస్కవాగుల పడి, నక్కవాగుల కలిసి, మంజీరకు వచ్చినయి. అక్కడి డాక్టర్ ఎ. కిషన్ రావు రోగులను చూసుకుంటనే దశాబ్దాల పాటు దీని మీద కొట్లాడిండు, కోర్టుల చుట్టు తిరిగిండు. 2007ల స్వీడన్ శాస్త్రవేత్తలు అచ్చు వేసిన పరీక్షల, పటాన్‌చెరుల శుద్ధి చేసి వదిలిన నీళ్లల్లనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు తేలింది. ఆ గోలి మింగిన రోగి రక్తంలో ఉండే దానికంటే అది ఎక్కువ. శుద్ధి చేసినంక అంత! కాబట్టి "ప్లాంటు పెట్టిన, సర్టిఫికెట్ ఉన్నది" అంటే నేను ఒప్పుకోను. ప్లాంటు నడుస్తున్నదా, రాత్రిపూట కరెంటు బిల్లు మిగుల్చుకోను బంద్ చేస్తున్నరా, అది చెప్పు.

నీళ్లను కనిపెట్టి చూసేటోళ్లకు వ్యాపారి ఏం చెయ్యొచ్చో ఒక సంగతి చెప్త. అమెరికాల ఇవాన్ షునార్డ్ అని ఒకాయన ఉన్నడు. కొండలెక్కేటోళ్లకు ఇనుప మేకులు కొట్టిన కమ్మరి, తర్వాత పటగోనియా అనే బట్టల కంపెనీ పెట్టిండు. కాలిఫోర్నియాల ఆయన ఊరు వెంచురా. 1970ల మొదట్ల అక్కడి నది మొగ కాడ ఏదో కట్టాలని తలపెట్టిన్రు. నది ఎప్పుడో సచ్చిపోయిందని నిపుణులు సభల చెప్పిన్రు. మార్క్ కపెల్లి అనే చదువుకునే పోరడు లేచి, ఆ నదిల తాను తీసిన ఫొటోలు చూపిచ్చిండు. పక్షులు, పాములు, సముద్రానికి పోయే చేపపిల్లలు. సభ తిరగబడ్డది, కట్టుడు ఆగింది. షునార్డ్ ఆ పోరనికి ముందు ఇచ్చింది తన ఆఫీసుల కొంచెం జాగ, ఉత్తరాలు వచ్చేటందుకు ఒక డబ్బా, కొద్దిపాటి పైసలు. 2022ల కంపెనీ మొత్తాన్నే భూమి కోసం రాసిచ్చిండని పేపర్లు రాసినయి గాని, నాకు ఆ జాగనే ఎక్కువ నచ్చింది. కంపెనీ రాసిచ్చుడు నీతోని కాదు, నాతోని కాదు. జాగ ఇయ్యొచ్చు.

పోచారంల, నిజాంసాగర్‌ల వలలు వేసేటోళ్లకు నీళ్ల రంగు మారితే అందరికంటే ముందు తెలుస్తది. వాళ్లు చెప్పుకునేటందుకు మన ఊర్ల జాగ లేదు. నీ మిల్లు ఆఫీసుల ఒక బెంచి వెయ్యి, ఒక రిజిస్టరు పెట్టు. నీ మోరీ మీద ఫిర్యాదున్నా అందులనే రాయమను. నవ్వకు, నిజంగనే చెప్తున్న.

ఇది వ్యాపారి పనెందుకు, సర్కారు పని గదా అంటవు. నిజాంసాగర్ 1931ల పూర్తయినప్పుడు దాంట్ల దాదాపు 29.7 టీఎంసీలు పట్టేటివి. పూడిక నిండి నిండి 1970ల నాటికి పన్నెండు కూడ మిగల్లేదు. తర్వాత నీటిమట్టం పెంచి 17.8 చేసిన్రు. ఆ పూడిక ఏ ఒక్క సాలులనో రాలేదు. ఏ ఆఫీసరు కాలంల కూడ అది పెద్ద సంగతిగ కనపడలేదు, వాళ్లు మూడేండ్లకు బదిలీ అయి పోతరు. లీడర్ల లెక్క ఐదేండ్లది. బజార్ల మూడు తరాలు ఒకే గల్లా మీద కూసునేది మనమే. వానకాలం పంట బాగుంటే మన బాకీలు వసూలయితయి, యాసంగికి నీళ్లు లేకుంటే ఖాతా పుస్తకం మూలకు పడుతది. ముప్పై ఏండ్ల నష్టం చూడాలంటే ముప్పై ఏండ్లు అక్కడనే ఉండేటోడు కావాలె.

ఇంకొక మాట. వాగు పక్క స్థలం చవకగ వచ్చిందని కొన్నవట. 2016ల లాతూరు ఎండిపోతే మీరజ్ నుంచి రైలుల నీళ్లు మోసిన్రు. అది కూడ ఈ మంజీర పరివాహకమే. 2025 ఆగస్టుల ఇక్కడ పోచారం కట్ట మీదినుంచే నీళ్లు దుంకినయి. నూరేండ్ల రాతికట్ట నిలబడ్డది గాని పక్కన మట్టి కొట్టుకపోయింది, కామారెడ్డిల కాలనీలు మునిగినయి. చవక స్థలం ఎందుకు చవకో వాగుకు తెలుసు. అమ్మినోడు నీకు చెప్పడు. వాగు ఒడ్డు విడిచిపెట్టి వెనక్కి జరుగు, ఉన్న జాగల చెట్లు పెట్టు. శుద్ధి అయిన నీళ్లు వాటికే పారియ్యి, వాగు దాకా పోనియ్యకు. ఎండాకాలం బోరు నీళ్లు కూడ కొంత మిగులుతయి.

ఖర్చు అయితది. పక్క మిల్లోడు పెట్టని ఖర్చు నువ్వు పెడితే క్వింటాల్‌కు నీకు తక్కువ మిగులుతది, కాదనను. మొదటి రెండు మూడు సీజన్లు కష్టంగనే ఉంటది. అందుకే లోను కాగితాలల్ల నీళ్ల శుద్ధి ఖర్చు ముందే రాయించు. మిల్లు నడిచినంక పెడతనంటే ఎప్పటికీ పెట్టవు, నాకు తెలుసు.

బ్యాంకుల జమానతు నన్నే పెట్టుమన్నవని మీ అమ్మ చెప్పింది. పెడత. ఆదివారం నక్షా తీసుకరా. దాని మీద మోరీ ఎక్కడ మొదలయితదో, ఏ ట్యాంకులల్ల ఆగుతదో, ఎక్కడ ముగుస్తదో ఎర్ర గీత గీయించి తే. మీ అత్త మక్క గారెలు చేస్తనన్నది, పొద్దుగాల్నే రా. తిన్నంక నక్షా చూస్త, గీత ఉంటే సంతకం పెడత.

మీ మామ