కోల్డ్ స్టోరేజీలో దాచలేని పంట

మిరపకాయకు ఉన్న ఒక వెసులుబాటు ఆటగాడి ఒంటికి లేదు. గుంటూరు మిర్చి యార్డులో పొద్దున్నే వ్యాపారి టిక్కీ బస్తా మూతి విప్పి, చెయ్యి లోపలికంటా పోనిచ్చి గుప్పెడు కాయలు బయటికి తీస్తాడు. ఒక కాయ విరిచి చూస్తాడు. ఫెళ్ళున విరిగితే ఆరిన సరుకు, మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు. రంగు చూసి, తాలు ఎంతుందో చూసి ధర చెబుతాడు. ఆ ధర గిట్టకపోతే రైతు టిక్కీలను ఊరి చుట్టూ ఉన్న ఏదో ఒక కోల్డ్ స్టోరేజీలో వేసి, అద్దె కట్టుకుని, మంచి ధర కోసం నాలుగు నెలలు ఆగొచ్చు. లోపలికి పోయిన ఎరుపు చాలావరకు అలాగే బయటికొస్తుంది. ఇరవై ఆరేళ్ళ మోకాలిని అలా దాచిపెట్టి ముప్ఫై ఆరో ఏట అమ్ముకోవడం కుదరదు. ఆడితే అరుగుతుంది, ఆడకుండా కూర్చున్నా వయసు దాన్ని తినేస్తుంది. రగ్బీ యూనియన్‌ను వృత్తిగా ఆడేవాళ్ళ బతుకు తలుచుకున్నప్పుడల్లా నా ఆలోచన ఇక్కడికే వచ్చి ఆగుతుంది. వాళ్ళకిచ్చే డబ్బు ఎక్కువా తక్కువా అని అందరూ అడుగుతారు. ఆ డబ్బు ఏ రోజుల కోసం ఇస్తున్నాం అని ముందు అడగాలి. ఆడిన రోజులకు మాత్రమే ఇస్తే అది సగం కూలి అని నా నమ్మకం.

ఇది ఎక్కడో ఇంగ్లండు, న్యూజిలాండుల గొడవ అనుకోవడానికి ఇక వీల్లేదు. 2025 జూన్‌లో ముంబయిలోని అంధేరిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగింది. జట్టుకు ఏడుగురు ఆడే రకం అది. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. లీగ్ నడపడంలో మన రాజాంలో పుట్టి పెరిగిన జీఎంఆర్ సంస్థ భాగస్వామి. చెన్నై బుల్స్ కప్పు గెలిచింది. మొత్తం రెండు వారాల్లో ముగిసింది. చెడుగుడు చూస్తూ పెరిగిన పల్నాటి కుర్రాడికి రగ్బీ అర్థం కావడానికి పెద్ద సమయం పట్టదు. ఇక్కడా అవతలివాణ్ణి ఒంటితో ఆపాలి, పట్టు విడిపించుకుని గీత దాటాలి. కాకపోతే చెడుగుడులో కూత ఊపిరి ఉన్నంతసేపే. రగ్బీలో వంద కిలోల మనిషి పరుగు మీద వచ్చి ఢీకొంటాడు.

ఆటకు డబ్బు పుచ్చుకుంటే ఆట చెడుతుందని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదన ఎక్కడిదో రగ్బీ చరిత్రే చెబుతుంది. ఉత్తర ఇంగ్లండులో ఈ ఆట ఆడినవాళ్ళలో బొగ్గు గని కార్మికులు, మిల్లు కార్మికులు చాలామంది. మన దేశపు పత్తి కూడా తెప్పించుకుని నూలు వడికిన లాంకషైర్ మిల్లులు వాళ్ళ ఇళ్ళ పక్కనే ఉండేవి. శనివారం ఆటకు పోతే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలి మాత్రం ఇప్పించండి, అంతకు మించి వద్దు అని యార్క్‌షైర్ క్లబ్బులు 1893లో అడిగాయి. ఓటింగు పెడితే 136 మంది సరేనన్నారు, 282 మంది కుదరదన్నారు. కుదరదన్నవాళ్ళలో ఎక్కువమందికి శనివారం కూలి పోయే బాధ లేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఇరవైకి పైగా క్లబ్బులు విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నాయి. అదే తర్వాత రగ్బీ లీగ్ అనే వేరే ఆట అయింది. రగ్బీ యూనియన్ మాత్రం ఆటకు డబ్బు ఇవ్వకూడదన్న పట్టును 1995 ఆగస్టు 26 దాకా వదలలేదు. నూరేళ్ళకు మూడు రోజులు తక్కువ! మిరపకోతల రోజుల్లో ఒక పూట కూలి పోతే ఇంట్లో ఏమవుతుందో తెలిసిన ప్రాంతంలో, డబ్బు లేకుండా ఆడటమే పవిత్రం అన్న మాట చెల్లదు. కూలి అక్కర్లేనివాడి పవిత్రత అది.

అయితే 1995 తర్వాత వచ్చిన జీతం పాత లెక్కనే పట్టుకుంది: ఆడిన కాలానికి ఇంత. ఆ కాలం ఒంట్లో మిగిల్చే నష్టం లెక్కలోకి రాలేదు. స్టీవ్ థాంప్సన్ 2003 ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులో హుకర్. స్క్రమ్‌లో ముందు వరుస మధ్యన తల దూర్చే స్థానం అది. 2020లో, నలభై రెండేళ్ళ వయసులో, తనకు మతిమరుపు జబ్బు వచ్చిందని, సిడ్నీలో ఆ కప్పు గెలిచిన సంగతే తనకు గుర్తు లేదని ఆయన చెప్పాడు. దేశమంతా గుర్తుపెట్టుకున్న రోజు దాన్ని గెలిచినవాడికి లేకుండా పోయింది. ఆయనతో పాటు మరికొందరు ఆటను నడిపే సంస్థల మీద కోర్టుకెక్కారు.

దీనికి గట్టి జవాబే ఒకటి వినిపిస్తుంది: ప్రమాదం తెలిసే దిగారు కదా, పైగా కోట్లు తీసుకున్నారు కదా అని. కబడ్డీలో పవన్ సెహ్రావత్‌ను చూపిస్తారు. 2022 వేలంలో తమిళ్ తలైవాస్ ఆయనకు 2 కోట్ల 26 లక్షలు పెట్టింది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజనంతా పోయింది. అయినా మరుసటి ఏడు తెలుగు టైటాన్స్ ఆయనకు 2 కోట్ల 60 లక్షల పైన పెట్టి కొనుక్కుంది. నిజమే, ఆయన లేచి నిలబడ్డాడు. కానీ వేలంలో మొదటి పేరును చూపించి చివరి పేరు సంగతి తేల్చలేం. యార్డులో ఒక లాటుకు పలికిన రికార్డు ధరను బట్టి ఊరి రైతులందరి అప్పులు తీరాయనుకోవడం లాంటిదే అదీ. జీతమిచ్చే చెయ్యి కూడా గట్టిదేమీ కాదు: ఇంగ్లండు రగ్బీ క్లబ్బుల్లో 2022లో వూస్టర్ వారియర్స్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ దివాలా తీశాయి. ఆటగాళ్ళు ఉన్నపళంగా వీధిన పడ్డారు. ఇక ప్రమాదం తెలిసి దిగారన్న మాట. ఎముక విరుగుతుందని తెలుసు. నలభై రెండేళ్ళకు జ్ఞాపకం పోతుందని ఆ తరానికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా సరే, ఆ ఢీకొట్టుడును టికెట్లుగా అమ్ముకునేవాడు నష్టంలో పాలు పంచుకోవాల్సిందే.

మన దగ్గర దీనికి పాత పరిష్కారం ఒకటుంది: క్రీడల కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం. "ముందు ఉద్యోగం చూసుకోరా" అనే తండ్రిది సంకుచితం అని అంటుంటారు. నేను అలా అనుకోను. వేల్స్ ఫుల్‌బ్యాక్ జేపీఆర్ విలియమ్స్ ఎముకల డాక్టరు. ఆట ఆగిపోయినా ఆయన చేతిలో పని ఉండేది. వృత్తి ఆట వచ్చాక కుర్రాళ్ళకు పోయింది ఆ రెండో పనే. కానీ కోటా ఉద్యోగం పతకం తెచ్చినవాడికి. పతకానికి ముందే మోకాలి లిగమెంట్ తెగినవాడికి సర్టిఫికెట్టూ లేదు, ఉద్యోగమూ లేదు. అందరికంటే సాయం అవసరమైనవాడు అతనే.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలితే కేంద్రం మన రాష్ట్రపు కాయకు క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. అది చాలదని రైతులు అన్నారు, అనడంలో న్యాయం ఉంది. అయినా పంటకు ఒక అడుగు ధర ఉండాలన్న సంగతిని ఎవరూ కాదనలేదు. ఆటగాడి ఒంటికి ఆ మాట ఇంకా ఎవరూ అనలేదు. లీగులు మన దగ్గర ఇప్పుడే మొదలవుతున్నాయి కాబట్టి అనడానికి ఇదే అదును: ప్రసార హక్కుల డబ్బులో కొంత భాగం ఆటగాళ్ళ పేరున విడిగా వెయ్యాలి, ఆడుతుండగా తగిలిన దెబ్బకు ఆట మానేశాక కూడా వైద్యం చేయించాలి, సీజను లేని నెలల్లో చదువుకోవడానికో, పని నేర్చుకోవడానికో ఖర్చు భరించాలి. ఇంత చేస్తే లీగులు నిలబడవని అంటారు. పోయిన కూలి ఇస్తే ఆట నిలబడదని 1893లో 282 మంది అన్నారు. చిలకలూరిపేటలోనో ఒంగోలులోనో కొడుకును రగ్బీకి పంపమని అడిగితే ఏ తల్లయినా ముందు అడిగేది ఒకటే: "దెబ్బ తగిలితే ఎవరు చూస్తారయ్యా?" ఆమెకు జవాబు ఒప్పందం కాగితం మీద, ఆటగాడి రేటు రాసిన పేజీలోనే ఉండాలి.