పెత్తరమాస నాడు పిల్లలకు దయ్యాల భయమా?

శ్రీ గురుభ్యో నమః.

మహాలయ పక్షం మీద మొన్న మనం ఒక వీడియో చేసుకున్నాం కదా, అది చూసి బోధన్ దగ్గర పల్లె నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"అయ్యా, మా అత్తమ్మ పోయి ఏడాది దాటింది. ఆమె పేరు మీద బియ్యం ఇచ్చుడు ఇదే మొదలు. మా పిల్లగానికి పదకొండేండ్లు. ఫోన్ల దయ్యం సినిమాలు చూస్తడు. ఇప్పుడు నాయినమ్మ ఫోటో ఉన్న అర్రలకే పోతలేడు. పెత్తరమాస నాడు నాయినమ్మ ఇంటికొస్తదని ఎవరో అన్నరట, అప్పటి సంది రాత్రి నిద్ర లేదు. వాన్ని ఎత్తుకొని పెంచిందే ఆమె. గా ఆమెను జూసి భయపడుతుంటే మా ఆయన కండ్లల్ల నీళ్లు తీసుకుంటుండు. ఏం జెయ్యాలె అయ్యా?"

ఆమెకు ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పాను. కానీ ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. ఈ కాలంలో చాలా ఇండ్లలో ఉన్నదే. అందుకని వివరంగా రాస్తున్నాను. ఓపికగా చదవండి, ఇంట్లో పిల్లలుంటే చదివి వినిపించండి.

దసరా సెలవులు, వీసీఆర్, చెరుకు తోటలు

నేను పెరిగింది నిజామాబాద్‌లో. పాతకాలం వాళ్లు ఇందూరు అంటారు. ఖిల్లా రామాలయం గుట్ట మా ఆటస్థలం. దసరా సెలవులు ఇచ్చిన తెల్లారే బోధన్ బస్సెక్కి అమ్మమ్మ ఊరికి పోయేవాళ్లం. నిజాంసాగర్ నీళ్లు పారే నేల అది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన తర్వాత ఆ చుట్టుపక్కల ఎటు చూసినా చెరుకే. దసరా నాటికి ఇంకా నరుకుడు మొదలు కాదు. తోట మనిషిని మించి ఎత్తు పెరిగి ఉంటుంది. రెండు తోటల నడుమ బండ్ల బాట. గాలికి ఆకులు రాసుకుంటుంటే లోపల ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది. పందులు దూరినా అదే చప్పుడు. ఇక పెద్ద పిల్లలు ఊరుకుంటారా? కొరివి దయ్యం కథలన్నీ ఆ బాట మీదనే చెప్పేవాళ్లు.

అప్పట్లో తలా ఇంత వేసుకొని వీసీఆర్ కిరాయికి తెచ్చేవాళ్లు. ఒక్క రాత్రికి మూడు సినిమాలు. రాంగోపాల్ వర్మ గారి 'రాత్రి' 1992లో వచ్చింది, 'దెయ్యం' 1996లో వచ్చింది. రెండూ మేం అట్లా వాకిట్లో చాపలేసుకొని చూసినవే. సినిమా అయ్యాక ఇంటికి పోవాలంటే ఆ చెరుకు బాటే దిక్కు. ఒకరి అంగీ ఒకరం పట్టుకొని నడిచేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, సంతోషంగానూ ఉంటుంది. కాబట్టి దయ్యం సినిమా చూడటమే పాపమని నేను చెప్పబోవడం లేదు. పదిమంది మధ్య కూర్చుని, కాసేపు జడుసుకొని, తెల్లారి నవ్వుకునే భయం పిల్లలకు ఆటలాంటిది. నేటి పిల్లవాడు అట్లా కాదు. దుప్పటి ముసుగులో, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని, ఒంటరిగా చూస్తున్నాడు. తెల్లారి నవ్వడానికి పక్కన తోడు లేదు. తేడా అక్కడ ఉంది.

సినిమా చెప్పేది ఒకటి, పెద్దలు చెప్పింది ఒకటి

చాలా దయ్యం సినిమాలు ఒక్క మాట మీద నడుస్తాయి. చనిపోయినవాళ్లు పగ తీర్చుకోవడానికి వస్తారు. కాబట్టి తలుపు వేసుకో, పారిపో.

మన పెత్తరమాస దీనికి పూర్తిగా తలకిందులు. భాద్రపద బహుళ అమావాస్య నాడు చనిపోయినవాళ్లు వస్తారు. కాబట్టి తలుపు తీసిపెట్టు, వంట చెయ్యి.

తర్పణం విడిచేటప్పుడు అయ్యవారు ఏం చెప్పిస్తారో ఒకసారి శ్రద్ధగా వినండి. తండ్రిని వసు రూపుడు అంటాం. తాతను రుద్ర రూపుడు అంటాం. ముత్తాతను ఆదిత్య రూపుడు అంటాం. వసువులు, రుద్రులు, ఆదిత్యులు అందరూ దేవతలే. మన ఇంట్లో నుంచి వెళ్లిన మనిషిని శాస్త్రం దేవతల వరుసలో కూర్చోబెట్టింది. దయ్యమనే మాట ఆ సంకల్పంలో ఎక్కడా లేదు.

ఇంకో సంగతి చూడండి. పొద్దున పెద్దలకు బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. గారెలు, పాయసం వండి విస్తరిలో పెట్టి కాకికి వేస్తాం. అదే రోజు సాయంత్రం ఆడపిల్లలు గునుగు, తంగేడు పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుతారు. పొద్దున పోయినవాళ్ల పేర్లు, సాయంత్రం బతుకమ్మ పేరు. ఏడ్చి మూలకు కూర్చోవడానికి ఆ అమావాస్య పుట్టలేదు. పోయినవాళ్లకు అన్నం పెట్టి, ఉన్నవాళ్లు చేయి చేయి కలిపి ఆడడానికి పుట్టింది. అక్కడి నుంచే తొమ్మిది రోజుల పండుగ మొదలవుతుంది.

మా అమ్మమ్మ మాట

అమ్మమ్మ ఊరి చివర ఒక ముసలమ్మ ఉండేది. భర్త లేడు, ఉన్న ఒక్క కొడుకూ చిన్న వయసులోనే పోయాడు. ఆమెకు మంత్రాలొస్తాయని, అమాస రాత్రి తిరుగుతుందని ఊరంతా గుసగుస. పిల్లలను ఆ ఇంటి దిక్కు పోనిచ్చేవాళ్లు కాదు.

ఒక పెత్తరమాస నాడు అమ్మమ్మ గిన్నెలో గారెలు, పాయసం పెట్టి, ఆ ఇంట్లో ఇచ్చి రమ్మని నన్నే పంపింది. "అవ్వా, ఆమె దయ్యమట కదా" అన్నాను. అమ్మమ్మ కసురుకోలేదు. "దయ్యం ఉన్నదో లేదో నాకు తెల్వది బిడ్డా. ఆకలైతే అందరు ఒక్కతీరుగనే ఉంటరు. పో, పెట్టి రా" అన్నది.

పోయాను. ఆమె గిన్నె అందుకొని, కండ్లు తుడుచుకొని, "మా వానికి గారెలంటే మస్తు ఇష్టముండె" అన్నది. గోడకు చిన్న ఫోటో, దానికి రెండు బంతిపూలు. కొడుకు పేరు మీద బియ్యం ఇచ్చే స్థోమత కూడా లేని తల్లి ఆమె. తర్వాతి ఏడు నుంచి మా ఇంట్లో అయ్యవారు పెద్దల పేర్లు చదివేటప్పుడు ఆ పిల్లవాడి పేరు కూడా అమ్మమ్మ చెప్పించింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, దయ్యం భయం గాలిలో ఉండిపోదు. ఏదో ఒక రోజు అది బతికున్న మనిషి మీద వాలుతుంది. ఎక్కువగా ఒంటరి ముసలివాళ్ల మీద, దిక్కులేని ఆడవాళ్ల మీద వాలుతుంది. మంత్రాల నెపంతో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు మన తెలంగాణలోనే చదువుతున్నాం. ఎవరికో జ్వరం వస్తుంది, గేదె చచ్చిపోతుంది, వేలు పోయి ఒక ముసలమ్మ వైపు చూపిస్తుంది. అమాయకుల రక్తం అంటిన చేతులతో ఎన్ని తర్పణాలు విడిచినా పితృదేవతలు తీసుకుంటారా? మీరే ఆలోచించండి.

బకాసురుడి ఊరు

భయం సంగతి చెప్పుకుంటూ బోధన్ కథ చెప్పుకోకపోతే ఎట్లా? మహాభారతంలోని ఏకచక్రపురం మన బోధన్ అనే ప్రతీతి. లక్క ఇంటి నుంచి బయటపడ్డ పాండవులు అక్కడ ఒక బ్రాహ్మణుడి ఇంట్లో తలదాచుకున్నారు.

ఆ ఊరిని బకాసురుడు పీడిస్తున్నాడు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. ఇంటికొక వంతు. ఊరు ఆ భయానికి అలవాటు పడిపోయింది. తమ వంతు వచ్చేదాకా ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు.

ఆ బ్రాహ్మణుడి వంతు వచ్చింది. నేను పోతానంటే నేను పోతానని తండ్రి, తల్లి, కూతురు ఏడుస్తున్నారు. అప్పుడు మాటలు కూడా సరిగా రాని చిన్న పిల్లవాడు ఒక గడ్డిపుల్ల పట్టుకొని, దీనితో రాక్షసుణ్ణి చంపేస్తానని ముద్దుముద్దుగా అన్నాడట. అంత దుఃఖంలోనూ వాళ్ల మొహాలు వికసించాయని వ్యాసుల వారు రాశారు.

పక్క గదిలో ఉన్న కుంతీదేవి ఆ ఏడుపు విన్నది. విని, మన వంతు కాదులే అని ఊరుకోలేదు. భీముణ్ణి పంపింది. ధర్మరాజు తప్పు పట్టాడు కూడా. వీళ్ల ఇంట్లో సుఖంగా ఉన్నాం, ఆ రుణం తీర్చుకోవద్దా అన్నది ఆ తల్లి. భీముడు పోయి, తెచ్చిన అన్నం తానే తింటూ బకుణ్ణి పిలిచాడు, చంపాడు. మిగిలిన రాక్షసుల దగ్గర, ఇక మనుషుల జోలికి రామని మాట తీసుకొని వదిలేశాడు.

ఊరు ఎన్నేండ్లు భయానికి వంతులు కట్టినా భయం తగ్గిందా? లేదు. పక్కింటి ఏడుపు ఒక మనిషి విన్న రోజున తగ్గింది. భగవద్గీత పదహారో అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ దైవీ గుణాలను వరుసగా చెబుతూ అన్నిటికంటే ముందు అభయం పేరు చెప్పాడు. అభయం అంటే గుండె గట్టిగా ఉండటం ఒక్కటే కాదు. మనల్ని చూసి ఎదుటివాడికి భయం పోవడం కూడా.

సినిమాల్లో కూడా ఈ ధర్మం కనిపిస్తుంది, చూసే కన్ను ఉండాలి. 1995లో 'అమ్మోరు' తీసిన కోడి రామకృష్ణ గారే 2009లో 'అరుంధతి' తీశారు. ఆ కథలో క్షుద్రుణ్ణి చంపే ఆయుధం కోసం జేజమ్మ తన ప్రాణమే ఇస్తుంది. ఆమె ఎముకలతోనే ఆయుధం తయారవుతుంది. వజ్రాయుధం కోసం వెన్నెముక ఇచ్చిన దధీచి మహర్షి గుర్తుకు రావడం లేదూ? మీ పిల్లలు ఆ సినిమా చూసే ఉంటారు. దయ్యం ఎట్లా అరిచిందో వాళ్లకు గుర్తుంటుంది. జేజమ్మ ఏం ఇచ్చిందో మనం గుర్తు చేయాలి.

ఆ తల్లికి చెప్పింది

"అమ్మా, పిల్లవాణ్ణి తిట్టకు, దయ్యాల్లేవు పో అని కొట్టిపారేయకు. వాదనతో భయం పోదు, చేతికి పని ఇస్తే పోతుంది. నాయినమ్మకు ఏ కూర ఇష్టమో వాణ్ణే అడుగు. ఆ కూరగాయ వాడి చేతనే కొనిపించు. అర్రలోకి నువ్వు చేయి పట్టుకొని తీసుకుపో, ఫోటోకు పువ్వు వాడితో పెట్టించు. ఏడిస్తే ఆ పూట వదిలేయి, బలవంతం వద్దు. నాయినమ్మ వాడికి చేసిన పని ఏదైనా ఒకటి గుర్తు చెయ్యి. వస్తే గిస్తే అన్నం తినిపించిన ఆ మనిషే కదా వచ్చేది" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దొండకాయంటే పానమిడిచేది అయ్యా" అన్నది. ఇక అంతకంటే నేను చెప్పవలసింది ఏముంది?

మిగతా తల్లిదండ్రులకు నాలుగు మాటలు

ఒకటి. సినిమాకు ముందు వచ్చే సర్టిఫికెట్ చూడండి. 2024 నుంచి యూఏలో కూడా 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని వయసు వేస్తున్నారు. 'ఏ' ఉన్న సినిమా పిల్లలకు చూపించకండి.

రెండు. రాత్రి ఒంటరిగా ఫోన్‌లో వద్దు. చూస్తే పగలు, మీ పక్కన. అయ్యాక సౌండు ఎట్లా పెడతారో, మేకప్ ఎట్లా వేస్తారో మాట్లాడండి. నవ్వించి పడుకోబెట్టండి.

మూడు. పడుకునే ముందు ఇంటి దేవుడి పేరు పదకొండు సార్లు వాడితో పాటు మీరూ అనండి. మంత్రం బలం ఒకటి, అమ్మ గొంతు బలం ఒకటి.

నాలుగు. వారాలు గడిచినా పిల్లవాడు నిద్రపోకుంటే, తినకుంటే, బడికి పోనంటే తాయెత్తుతో సరిపెట్టకండి. డాక్టరుకు చూపించండి. 14416 నంబరుకు చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు. వైద్యం చేయించడం దేవుణ్ణి నమ్మకపోవడం కాదు.

చివరగా ఒక్క సంగతి. తర్పణం ముగిసేటప్పుడు, వంశంలో వారసులు లేకుండా పోయినవారికి కూడా తడిబట్ట పిండి నీళ్లు వదలడం మన ఆచారం. తిథి తెలియనివారికి కూడా ఈ అమావాస్యే దిక్కు. ఎవరూ తలుచుకోనివాళ్లను కూడా ఒక్కసారి తలుచుకోమని మన పెద్దలు ఏర్పాటు చేశారు. ఈ పెత్తరమాసకు మీ పెద్దల పేర్లతో పాటు, మీ గల్లీలో వెనకాముందూ ఎవరూ లేని ఒక్క మనిషిని వెతకండి. బతికున్నవాళ్లయితే గిన్నె పట్టుకొని పోండి, మీ పిల్లవాణ్ణి వెంట తీసుకుపోండి. పోయినవాళ్లయితే పేరు చెప్పి పిడికెడు బియ్యం ఇవ్వండి.

వచ్చే వీడియోలో ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఇంట్లో ఏం నైవేద్యం పెట్టాలో చెప్పుకుందాం. మీ పితృదేవతల ఆశీస్సులు మీ ఇంటిల్లిపాదికీ ఉండుగాక.

శుభం భూయాత్.