సచ్చిన సేపకి ఐసు

విశాఖ పక్కన యారాడలో ఒక కుర్రాడు. ఇంటర్ పరీక్షలయిపోయాయి, చేతినిండా ఖాళీ. చిన్నప్పుడు బడివాళ్లు బీచ్ రోడ్డులో మత్స్యదర్శినికి తీసుకెళ్లిన రోజు నుంచీ వాడికి రంగు చేపల పిచ్చి. దాచుకున్న డబ్బులు తీసి గాజువాకలో ఒక గాజు తొట్టె కొన్నాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. బస్సులో ఒళ్లో పెట్టుకుని, ఘాట్ రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా దాన్ని పసిపిల్లలా వాటేసుకుని ఇంటికి తెచ్చాడు.

గప్పీలు తెచ్చాడు. వాటికి తోడు ఒక జత గోల్డ్‌ఫిష్. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. నెలకో ఈత, ఈతకి పాతికో ముప్పయ్యో పిల్లలు. ఒక్కసారి మగచేపతో కలిస్తే చాలు, ఆ తర్వాత మగతోడు లేకుండానే ఆడది ఇంకొన్ని ఈతలు ఈనగలదు. ఈ సంగతి తెలిశాక కుర్రాడు కాగితమూ పెన్నూ తీసుకుని లెక్క కట్టాడు. దసరా నాటికి ఎన్ని పిల్లలు, జత ఎంతకమ్మితే ఎంతొస్తుంది, అందులోంచి సెకండ్ హ్యాండ్ బండికి ఎంత. లెక్కలో చావులు లేవు. కాగితం మీద చేపలెప్పుడూ చావవు.

కన్న పిల్లల్ని తల్లే మింగేస్తుంది కాబట్టి వల గుడ్డతో చేసిన బ్రీడింగ్ బాక్సొకటి కొన్నాడు. ఏప్రిల్లో తొట్టెలో జాగా చాలక, రంగు వెలిసినవి, తోక పొట్టివి ఆరు ఏరాడు. పారెయ్యబోతుంటే పెరట్లోంచి మామ్మ కేకేసింది.

"ఒరే నాన్నా, ఆటినిలా నా తొట్టిలో పడెయ్‌రా. దోమ పిల్లలు గిలగిల్లాడతన్నాయి."

మామ్మ తొట్టంటే సిమెంటుది, సగం దాకా మట్టిలో పాతేసింది. పైన పనసచెట్టు నీడ, నీళ్ల మీద అంతర తామర. కాళ్లు కడుక్కోవడానికి, మొక్కలకి పోయడానికి వాడే నీళ్లవి. ఆరు గప్పీలూ అందులో పడ్డాయి. కుర్రాడు వాటిని మర్చిపోయాడు.

యారాడకి మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే బతికిపోయినట్టే. మేలో కొన్నాళ్లు మాత్రం పడమటి గాలి బలంగా కొట్టి దాన్ని ఒడ్డెక్కనివ్వదు. అప్పుడు ఊరు ఊరంతా మూతపెట్టిన గిన్నెలా ఉడుకుతుంది. అలాంటి రోజుల్లోనే రోహిణి కార్తె ప్రవేశించింది. కుర్రాడి తొట్టె ఉన్నదేమో సిమెంటు రేకుల కింద, పడమటి కిటికీ పక్కన.

మూడో రోజు మధ్యాహ్నం చేపలన్నీ నీటి మీదకొచ్చి నోళ్లు తెరిచి గుటకలేస్తున్నాయి. ఆకలేమో అనుకుని రెండు చిటికెలు ఎక్కువే మేత చల్లాడు. అవి ముట్టలేదు. ఇంకో చిటికెడు వేశాడు. ఇంతలో కరెంటు పోయింది. గాలి బుడగల మోటారు ఆగింది. మేత నాని అడుక్కి దిగింది. థర్మామీటరు చూస్తే 34.

కుర్రాడికి కాళ్లూ చేతులూ ఆడలేదు. అవి వేట నిషేధం రోజులు, మరబోట్లన్నీ ఫిషింగ్ హార్బర్లో కట్టేసి ఉన్నాయి. తెప్పల మీద వచ్చిన నాలుగు చేపలే మామ్మకి అమ్మకం. అందుకే వరండాలో ఆవిడ థర్మోకోల్ పెట్టెలో ఐసు మిగిలిపోయింది. రెండు దోసిళ్లు తెచ్చి గాజు తొట్టెలో పోశాడు. చాలదనిపించి మళ్లీ మళ్లీ పోశాడు. పావుగంటలో ముల్లు 26కి దిగింది. చేపలు కిందికి దిగి కదలకుండా నిలబడ్డాయి. హమ్మయ్య, చల్లబడ్డాయి అనుకున్నాడు. ఫోన్లో ఫొటో కూడా తీశాడు.

సాయంత్రానికి ఒక్కొక్కటే పక్కకి ఒరిగాయి. తెల్లారేసరికి తొట్టెలో బతికున్నది ఒక్క గోల్డ్‌ఫిష్.

మామ్మ వచ్చి చూసింది. తిట్టలేదు. నీళ్లలో వేలు పెట్టి, తీసి, చీర చెంగుకి తుడుచుకుంది.

"ఐసు ఏసినావేట్రా?"

"ఉడికిపోతన్నాయి మామ్మా, ఏం చెయ్యమంటావు మరి?"

"నలబై ఏళ్ల నుంచి సేపలమ్ముతన్నానురా గుంటా. ఐసు సచ్చిన సేపకేత్తారు గానీ బతికున్నదానికి ఎవులైనా ఏత్తారేటి?"

చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి అంతర తామర మొక్కనొకదాన్ని పైకెత్తింది. జుట్టులా వేలాడే వేళ్ల మధ్య కొన్ని నల్లటి చుక్కలు, రెండేసి చొప్పున. కుర్రాడు వంగి చూశాడు. చుక్కలు కావవి, కళ్లు. ఒళ్లు గాజులా ఉంది, వెనక నీళ్లు కనిపిస్తున్నాయి. మామ్మ నీడ పడగానే చటుక్కున వేళ్లలోకి దూరిపోయాయి. అడుగున తిరుగుతున్న పెద్దవాటిని కుర్రాడు గుర్తుపట్టాడు. పొట్టితోకది, రంగు వెలిసినది, ఇంకా నాలుగు.

నీతి: ఎండ కంటే ఆత్రం ఎక్కువమందిని చంపుతుంది. ఆపదలో ఉన్న ప్రాణికి కావలసింది చల్లదనం కాదు, నిలకడ.

కథ ఇక్కడితో ఆపితే మామ్మ మెడలో దండ వేసి చక్కా వచ్చేసినట్టవుతుంది. నాకు అంత తేలిగ్గా వదిలేసే నీతులంటే నమ్మకం లేదు. అదే ఊరు, అదే ఎండ. తొట్టిలోవి ఎందుకు బతికాయో, తొట్టెలోవి ఎందుకు చచ్చాయో చూడాలి కదా.

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఇమిడే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాముల పైచిలుకు పట్టేది, 35 దగ్గర 7కి జారుతుంది. అదే సమయంలో చేప ఒంట్లో పొయ్యి పెద్ద మంట మీద ఉంటుంది, గాలి ఇంకా ఎక్కువ కావాలంటుంది. జీతం తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగినట్టు. మీదకొచ్చి గుటకలెయ్యడం ఆ ఇబ్బందికి గుర్తు, ఆకలికి కాదు. అప్పుడు వేసిన మేత కుళ్లుతూ ఉన్న కాస్త ప్రాణవాయువునీ తినేస్తుంది, పైగా అమ్మోనియా పుట్టిస్తుంది. నీళ్లు వేడిగా ఉంటే ఆ విషానికి పదునెక్కువ. అంటే ఐసు పడే ముందే కుర్రాడు సగం పని పూర్తిచేశాడు.

మిగతా సగం ఐసు చేసింది. చేపకి మనలాగా ఒంట్లో సొంత వేడి ఉండదు, నీళ్లెంత వేడిగా ఉంటే అదీ అంతే. రోజంతా నెమ్మదిగా ఎక్కిన ఎనిమిది డిగ్రీలు పావుగంటలో దిగిపోతే గుండె, మొప్పలు, నరాలు ఒకేసారి తడబడతాయి. పైకి మాత్రం కదలకుండా, హాయిగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ ఫొటో అందుకే బాగా వచ్చింది.

ఈ సంగతి మన విశాఖవాళ్లకి కొత్తేమీ కాదు. ఉక్కు కర్మాగారంలో బట్టీ నుంచి తోసిన కోకు వెయ్యి డిగ్రీల పైన ఎర్రగా ఉంటుంది. దాని మీద నీళ్లు కొడితే క్షణాల్లో చల్లారుతుంది, కానీ బీటలిచ్చి బలం పోతుంది. అక్కడ నీళ్లు కొట్టరు. మూసిన గదిలోకి దింపి నైట్రోజన్ వాయువు తిప్పుతూ నిదానంగా చల్లారుస్తారు, తీసిన వేడితో ఆవిరి పుట్టిస్తారు. రాయిలాంటి కోకుకే అంత మర్యాద జరుగుతోంది, బొటనవేలి గోరంత గప్పీ ఏం పాపం చేసింది?

ఇక మామ్మ తొట్టి. అందులో మహిమేమీ లేదు. చుట్టూ ఉన్న మట్టి పగటి వేడిని మెల్లగా లోపలికి పంపుతుంది, రాత్రి మెల్లగా తీసుకుంటుంది. నోరు వెడల్పు కాబట్టి గాలి తగిలే నీళ్లు ఎక్కువ, ఆవిరై చల్లబడేదీ ఎక్కువ. పెద్ద తొట్టిలో ఆరంటే ఆరే చేపలు, మేతకి దోమ పిల్లలు, పిల్లచేపలు దాక్కోడానికి వేళ్లు. బ్రీడింగ్ బాక్సు చెయ్యాల్సిన పని అంతర తామర జీతం లేకుండా చేసింది.

మామ్మ ఏమీ చెయ్యలేదనుకోవడం కూడా పొరపాటే. రోజూ సందెవేళ, ముందునాడు బిందెలో పట్టి ఉంచిన నీళ్లు ఇంకినంత మేర చెంబుతో అంచు వెంబడి వంచేది. పట్టుకుని ఒక రోజు నిలవుంచితే కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎగిరిపోతుంది, తొట్టి నీళ్లతో వేడీ సమానమవుతుంది. ఈ కారణాలు ఆవిడకి తెలుసో తెలీదో. "నీల్లు కొత్తగా ఉంటే సేప జడుస్తాది" అనేది, అంతే.

మరుసటి ఏడు ఎండలకి కుర్రాడు, మళ్లీ గప్పీలు వేసిన గాజు తొట్టెని పడమటి కిటికీ నుంచి లోపలి గదికి మార్చాడు. మూత తీసి, పైన సన్నటి జాలీ వేసి, చిన్న టేబుల్ ఫ్యాను నీటి మట్టానికి వార తగిలేలా పెట్టాడు. గోల్డ్‌ఫిష్‌ని మళ్లీ తేలేదు. దానికి చల్లటి నీళ్లు కావాలి, వైశాఖ మాసంలో దాన్ని గాజు తొట్టెలో సాకడం మన సరదా, దానికి శిక్ష. ఫైటర్ జతని మాత్రం తెచ్చాడు. పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకునే చేప కాబట్టి ఎండని ఓర్చుకుంటుందని లెక్క. నిజమే, ఓర్చుకుంది. మగచేప నోటితో బుడగలు ఊది నీటి మీద నురుగు గూడు కట్టింది, రాలిన గుడ్లని ఒక్కొక్కటే నోట కరుచుకుని గూట్లో పెట్టింది. ఫ్యాను గాలికి గూడు చెదిరి మూలకి కొట్టుకుపోయింది. గప్పీని కాచిన గాలే ఫైటర్ ఇల్లు కూల్చింది. నిలకడ అన్న మాట ఒకటే, ఏ చేప అర్థం దానిది.

కుర్రాడు ఆ సాయంత్రం ఫ్యాను వైపే చూస్తూ కూర్చుంటే మామ్మ అంది, "సముద్రానికే రెండు నెల్లు సెలవిత్తన్నారు. నీ గాజు పెట్టికి ఇయ్యలేవేట్రా?"

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు వేటకెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక వాటిని కదపకూడదని. కుర్రాడి ఇంట్లో సెలవు అందుకు తలకిందులు, ఎండల్లో చేపలతో ఈనించకూడదని. కారణాలు ఎదురెదురుగా ఉన్నా చెయ్యాల్సిన పని ఒకటే, చెయ్యి వెనక్కి తీసుకోవడం. బ్రీడింగ్ బాక్సు అటకెక్కింది. ఫైటర్లు వేరువేరు సీసాల్లోకి వెళ్లాయి.

జూన్ 15 తెల్లవారుజామున బోట్ల ఇంజన్ల చప్పుడు వినిపించింది. కుర్రాడు నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. కింద వరండాలో మామ్మ ఐసు పెట్టె బోర్లించి, కొబ్బరి పీచుతో రుద్ది కడుగుతోంది.